నాలుగు వేల రాగి తుంగలు

పువ్వులు వేళకి విధులకు హాజరు కావడం లేదన్న సంగతి నందివలస పురపాలక సంఘం వారి దృష్టికి ఒక మే నెల మిట్టమధ్యాహ్నం వచ్చింది.

ఆ రోజు రాజధాని నుంచి ఒక పెద్ద అధికారి తనిఖీకి వచ్చాడు. ఊళ్ళో ఉన్న ఒక్కగానొక్క పార్కులో, అంటే నీళ్ళ ట్యాంకు కింద ఉన్న ఎకరన్నర జాగాలో, మూడు నిమిషాలు నిలబడి చుట్టూ చూసి "ఇక్కడ రంగేదీ?" అన్నాడు. అనేసి కారెక్కి తలుపు వేసుకున్నాడు. మే నెల ఎండలో బుద్ధున్న పువ్వేదీ తల బయట పెట్టదని ఆయనకి చెప్పేవాడు అక్కడ లేకపోయాడు. చెప్పగలిగినవాడు ఒకడున్నాడు గాని, లుంగీలో ఉన్నాడని వాణ్ణి ఆ వేళకి ట్యాంకు వెనక్కి పొమ్మన్నారు.

ఆ లుంగీవాడి పేరు సింహాచలం. ఇరవై రెండేళ్ళుగా ఆ పార్కుకి తోటమాలి, ఇరవై రెండేళ్ళుగానూ రోజుకూలీయే. పర్మినెంటు చేయిస్తానని అయిదుగురు కమిషనర్లు మాటిచ్చారు, అయిదుగురూ బదిలీ అయిపోయారు. ఇంకో మూడేళ్ళు గడిస్తే వయసు దాటిపోయి ఆ ఆశా పోతుంది. పర్మినెంటయితే రేపు ఒంట్లో సత్తువ ఉడిగిన రోజున పింఛను వస్తుంది. తనకేదైనా అయితే పెళ్ళాం ఎరకమ్మకి వస్తుంది. పిల్లాజెల్లా లేని సంసారం, ఆ కాస్తే వాళ్ళకి ఆధారం. ఈ ఆలోచన లేకుండా సింహాచలానికి ముద్ద దిగేది కాదు.

పెద్ద అధికారి ప్రశ్నకి జవాబు చెప్పాలి గనక పురపాలక సంఘం పువ్వుల మీద విచారణ జరిపింది. విచారణాధికారి ఉద్యానవన అధికారి ముక్తేశ్వర్రావు గారు. పాపం చెడ్డవాడు కాదు, రెండేళ్ళలో రిటైరయ్యేవాడు, అంతే. ఆయన సింహాచలాన్ని పక్కన నిలబెట్టుకుని ఒక్కో మొక్క సర్వీసూ రాయించారు. బంతి నాలుగు నెలలు పనిచేసి ఎనిమిది నెలలు సెలవులో ఉంటోంది. చామంతి చలికాలం తప్ప కనిపించడం లేదు. మందారం పొద్దున్న వచ్చి సాయంత్రానికే ముడుచుకుంటోంది. నివేదిక చూసిన కమిషనర్ గారు పువ్వులన్నిటినీ తొలగిస్తూ ఉత్తర్వులిచ్చారు. అప్పుడు సింహాచలం ఉండబట్టలేక, బిళ్ళగన్నేరు పెడదామండీ, అది పన్నెండు నెలలూ పూస్తాది, నీళ్ళు పొయ్యకపోయినా పూస్తాది అన్నాడు. ముక్తేశ్వర్రావు గారికి ఆ మాట నచ్చింది. కాని బిళ్ళగన్నేరుకి కేటలాగు లేదు. కేటలాగు లేనిదాన్ని ఏ కమిటీ ముందు పెడతాం?

కమిషనర్ గారి దగ్గర కేటలాగు ఉంది. ఆయన అంతకు ముందే పదిహేను రోజుల శిక్షణకి ఒక చలిదేశం వెళ్ళివచ్చారు. అక్కడ చెట్లన్నీ ఆకులు రాల్చి మోడులై నిలబడితే, వాటి కింద ఒక జాతి గడ్డి మాత్రం కుదుళ్ళు కుదుళ్ళుగా రంగురంగుల్లో ఉందట. మంచు పడినా ఆ రంగు పోలేదట. ఫోనులో నలభై ఫొటోలు తీసుకొచ్చారు. ఆ ఫొటోల్లోంచి నిత్యవర్ణ పథకం పుట్టింది, రాజధానివారు మెచ్చి దాన్ని పట్టణాలన్నిటికీ వర్తింపజేశారు. "పట్టణ ఉద్యానవనమునందు సంవత్సరము పొడవునా మార్పులేని వర్ణమును నెలకొల్పుట" అన్నది దాని ఆశయం. పథకం మార్గదర్శకాల్లో పదకొండో పేజీలో ఇంకొక మాట ఉంది. ఉత్తమ శ్రేణి పొందిన ఉద్యానవనంలో పనిచేసే తోటమాలి సేవలను క్రమబద్ధీకరించవచ్చును అని. ఆ వాక్యాన్ని సింహాచలం ముక్తేశ్వర్రావు గారి చేత మూడుసార్లు చదివించుకున్నాడు.

ఇక రంగు ఎంచుకోవాలి. దానికోసం కౌన్సిల్ హాల్లో సమావేశం పెట్టారు. సలహాదారుగా పట్నం నుంచి వచ్చిన అమ్మాయి తెర మీద బొమ్మలు వేసి చూపించింది. గుంతలు ఎన్ని తవ్వాలో చెప్పడానికని సింహాచలాన్ని గుమ్మం దగ్గర నిలబెట్టారు. మొదటి బొమ్మ చూడగానే అతను గుర్తుపట్టాడు. ఊరుకుందామనుకున్నాడు గాని నోరు ఊరుకోలేదు.

"బావూ, ఇది తుంగండి. నా సిన్నప్పట్నించీ పీకుతున్నాను, ఇయ్యాలకీ పీకుతున్నాను."

కౌన్సిలర్లలో సగం మంది రైతు బిడ్డలే. తుంగంటే ఏమిటో వాళ్ళకి చెప్పనక్కర్లేదు. పైన ఎన్నిసార్లు పీకినా కింద గడ్డ మిగిలి మళ్ళీ మొలిచే దరిద్రం అది. సలహాదారు అమ్మాయి మాత్రం తొణకలేదు. ఇది అలంకారపు తుంగ అంది. దీనికీ దానికీ బంధుత్వం ఉన్న మాట నిజమే గాని రాకపోకలు లేవని వివరించింది. కమిషనర్ గారు సింహాచలం వైపు చూసిన చూపుకి అతను నాలుగడుగులు వెనక్కి వేసి వరండాలోకి వెళ్ళిపోయాడు. మిగిలిన సమావేశం కిటికీలోంచే విన్నాడు.

మొదట బంగారు రంగు తుంగ చూపించారు. చూడముచ్చటగా ఉంది. కాని పసుపంటే ఎవరిదో ఊళ్ళో పాలు తాగే పిల్లల్ని అడిగినా చెబుతారు. ఒక వరస కౌన్సిలర్లు లేచి నిలబడ్డారు. తరవాత నీలిరంగు తుంగ వచ్చింది, రెండో వరస లేచింది. ఎర్ర తుంగ దగ్గర ఒక్కరే లేచారు గాని పదిమంది పెట్టు మాట్లాడారు. కాషాయం, ఆకుపచ్చ ఒకదాన్నొకటి కొట్టేశాయి. గులాబీ రంగు తుంగ లేనేలేదని తెలిసి అందరూ ఊపిరి పీల్చుకున్నారు. తెల్ల అంచుది చూస్తే ఏదో లొంగిపోయినట్టుంటుందని చైర్మన్ గారే వద్దన్నారు. వాళ్ళ భయం వాళ్ళది. సర్కారు మారినప్పుడల్లా రంగు మార్చీ మార్చీ ఆ పార్కు బెంచీల మీద పెయింటు, సిమెంటు కంటే మందంగా పేరుకుపోయింది మరి.

చివర్న రాగి రంగు తుంగ మిగిలింది. ఎండిన కొబ్బరి పీచులా, పాత ఇత్తడి చెంబులా, అటూ ఇటూ కాని గోధుమ రంగు. ఆ రంగు జెండా ఏ పార్టీకీ లేదు. నందివలస చరిత్రలో మొట్టమొదటిసారి ఒక తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదం పొందింది. నాలుగు వేల మొక్కలకి ఆర్డరు పెట్టారు.

రంగు నిలిచి ఉందో లేదో ఎలా తేల్చడం అన్న ప్రశ్న వచ్చింది. బజార్లో పెయింటు షాపువాడు ఊరికే ఇచ్చే రంగుల అట్ట తెప్పించి, అందులో 212వ నంబరు గడిని ఆమోదిత వర్ణంగా ప్రకటించారు. ప్రతిరోజూ పది గంటలకి ఆ అట్టని ఆకు పక్కన పెట్టి పోల్చి రిజిస్టరులో రాయాలి. ఏడో నిబంధన మొక్కల చావు గురించి. "ఆమోదిత వర్ణమునుండి కనీసము రెండు గడులు తప్పినప్పుడు మాత్రమే మొక్క మరణించినట్లు భావించవలెను." అది రాసిన గుమాస్తా ఆ సాయంత్రం తృప్తిగా టీ తాగాడు.

ఫైలు నడిచి నడిచి మొక్కలు వచ్చేసరికి సరిగ్గా ఏడాది పట్టింది. రోహిణి కార్తెలో వచ్చాయి. రోళ్ళు పగిలే ఎండ. అవి ఏసీ లారీలోంచి దిగాయి. సింహాచలం వాటిని చేత్తో పట్టుకుంటే చల్లగా తగిలాయి, జాలేసింది. ఈ నెల్లాళ్ళూ నీడలో ఉంచి, తొలకరి పడ్డాక నాటుదామండీ అన్నాడు. ప్రారంభోత్సవానికి ముహూర్తం ఖాయమైపోయిందన్నారు. నాలుగు రోజుల్లో నాలుగు వేల గుంతల్లో నాటాడు. తల్లి బిడ్డకి చేసినట్టు పొద్దునా సాయంత్రం తడిపాడు. తొమ్మిదో రోజున ఒకదాన్ని మెల్లగా లాగి చూస్తే, పాత చీపుర్లోంచి పుల్ల వచ్చినట్టు ఊడి చేతికి వచ్చింది. పక్కదీ అంతే. వరసంతా అంతే. సింహాచలం గట్టు మీద కూలబడ్డాడు. తన చేతిలో ఇన్ని మొక్కలు ఎప్పుడూ చావలేదు.

లేచి ముక్తేశ్వర్రావు గారి దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆయన అట్ట పట్టుకుని వచ్చి ఒక కుదురు దగ్గర కూర్చుని, కళ్ళజోడు సవరించుకుని పోల్చారు. 212. రెండో కుదురు, 212. పదో కుదురు దగ్గర ఆయన మొహం విప్పారింది.

"రంగు తు.చ. తప్పకుండా ఉందే. చచ్చిపోయిందని ఎలా అంటావు?"

"ఏరు కుళ్ళిపోనాదండి."

"వేరు పథకం పరిధిలోకి రాదు సింహాచలం."

ఆయన వెటకారానికి అన్న మాట కాదది. మార్గదర్శకాలు మొదటి నుంచి చివరిదాకా తిప్పి చూపించారు, అందులో ఎక్కడా వేరు అన్న మాట లేదు. బతికుండగా గోధుమ రంగులో ఉండే మొక్క చచ్చాకా గోధుమ రంగులోనే ఉంటే అది మొక్క తప్పు గాని మనది కాదన్నారు. నాలుగు వేలూ తొమ్మిది రోజుల్లో పోయాయని పైకి రాస్తే పథకం పోతుంది, శ్రేణి పోతుంది, శ్రేణితో పాటు పదకొండో పేజీ కూడా పోతుంది. ఆ చివరి మాట ఆయన గొంతు తగ్గించి చెప్పారు. సింహాచలం అట్ట తీసుకున్నాడు. అయిదో తరగతి చదువు ఉపయోగించి రిజిస్టరులో "రంగు ఉన్నది" అని రాశాడు. అక్షరాలు బాగానే వచ్చాయి.

మొక్కలు బతికి ఉన్నట్టే గనక నీళ్ళు పొయ్యడం మానడానికి వీల్లేదు. పోశాడు. చచ్చిన కుదుళ్ళు తాగని నీళ్ళు నేల తాగింది. ఆషాఢం వచ్చేసరికి కుదుళ్ళ మధ్య మన సొంత తుంగ, గరిక, గలిజేరు లేచి పార్కంతా పచ్చగా కళకళలాడింది. ఆ వారం పిల్లలు బిలబిలమంటూ వచ్చారు, ముసలాళ్ళు బెంచీల మీద చేరారు. నెలవారీ తనిఖీలో మాత్రం నందివలసకి మార్కులు పడిపోయాయి. కారణం గడిలో "అనధికార పచ్చదనం" అని రాసి ఉంది. మూడు రోజుల్లోగా తొలగించాలని తాఖీదు వచ్చింది.

సింహాచలం కలుపు తీసే బొరిగె పట్టుకుని కూర్చున్నాడు. మధ్యాహ్నం అన్నం పట్టుకొచ్చిన ఎరకమ్మ ఆ తీరు చూసి, ఏటి సేత్తన్నావయ్యా అని అడిగింది.

"బతికినవాటిని పీకుతున్నాను. సచ్చినవాటికి నీళ్ళోత్తన్నాను," అన్నాడు సింహాచలం.

ఆమె కాసేపు అతని మొహంలోకి చూసింది. ఎండ దెబ్బేమో అనుకుని నుదుటి మీద చెయ్యి వేసింది. అతను సంగతంతా చెప్పాక ఆమె నవ్వలేదు, ఏడవలేదు. పర్మినెంటయ్యేదాకా నోరు మూసుకోమని, అయ్యాక ఇద్దరం కలిసి నవ్వుకుందామని అంది. మామిడికాయ పచ్చడి కొంచెం ఎక్కువ వేసి వెళ్ళింది.

పచ్చదనానికి మూలం నీళ్ళేనని రెండో నెలకి కమిటీ కనిపెట్టింది. పార్కుకి నీళ్ళ గొట్టం కట్టేశారు. అప్పట్నుంచి నందివలసకి తిరుగులేకపోయింది. వానకి లేచిన కలుపు సింహాచలం ఎప్పటికప్పుడు తీసేస్తుంటే, చుట్టూ జిల్లాల్లో బంగారు తుంగలు మాడాయి, నీలి తుంగలు తెల్లబోయాయి, మన రాగి తుంగ మాత్రం ఆకు కదల్చకుండా నిలబడింది. ఒక మేక గేటు సందులోంచి దూరి ఒక కుదురు వాసన చూసి మొహం తిప్పుకుని వెళ్ళిపోయింది. దానికి సర్కారు నౌకరీ లేదు గదా. కమిషనర్ గారు దాన్ని కూడా ఫొటో తీయించి, "పశువులు ముట్టని జాతి" అని నివేదికలో కలిపారు. పిల్లలు ముట్టుకుంటే ఆకు పొడై రాలుతోంది గనక పిల్లల్ని రానివ్వడం మానేశారు. గేటుకి "చూచుట ద్వారా మాత్రమే ఆనందించుడు" అని బోర్డు కట్టారు.

భాద్రపదంలో ఈదురుగాలి వచ్చి ముప్పై ఏడు కుదుళ్ళు ఎగిరిపోయాయి. లెక్క నాలుగు వేలు ఉండాల్సిందేనని పైనుంచి ఫోనొచ్చింది. ముక్తేశ్వర్రావు గారు తల పట్టుకున్నారు. సింహాచలమే ఆలోచించి, బజారు నుంచి పుల్లల చీపుర్లు తెచ్చి తలకిందులుగా పాతాడు. మర్నాడు అట్ట పెట్టి చూస్తే అవి 212కి మిగతావాటికంటే దగ్గరగా ఉన్నాయి. "కొన్ని మొక్కలలో గణనీయమైన మెరుగుదల" అని రిజిస్టరుకెక్కింది. తర్వాత ఇతర పట్టణాల బృందాలు చూడ్డానికి వచ్చినప్పుడు కమిషనర్ గారు వాళ్ళని ముందుగా ఆ చీపుర్ల దగ్గరికే తీసుకెళ్ళేవారు.

ఇంత జరుగుతుండగా సింహాచలానికి ఒక రహస్యం దొరికింది. ట్యాంకు వెనక, కట్టేసిన గొట్టం మూత దగ్గర చుక్క చుక్కగా నీరు కారుతూ ఉంటుంది. ఆ మూలన ట్యాంకు నీడ రోజల్లా పడుతుంది. అక్కడ నాటిన కుదురు ఒకటి చావలేదు. కలుపు తీస్తూ మామూలుగా పట్టుకుని లాగితే రాలేదు. వంగి చూశాడు. రాగి ఆకుల మధ్యలోంచి పలచని ఆకుపచ్చ చిగుళ్ళు వెంట్రుకల్లా లేచి ఉన్నాయి. వాటిలో ఒకదాని చివర వెన్ను కూడా తొడిగింది.

సింహాచలానికి ప్రాణం లేచివచ్చింది. పీకాలనే ధ్యాసే రాలేదు. పై ఊరి నుంచి, పై దేశం నుంచి వచ్చి, ఈ ఎండలో, ఈ మనుషుల మధ్య, ఎలాగో బతికిపోయింది గదా అని కడుపు నిండిపోయింది. ఆ రోజు నుంచి అన్నం గిన్నె అక్కడే విప్పేవాడు. చెయ్యి కడిగిన నీళ్ళు దాని మొదట్లోనే పోసేవాడు. ఎరకమ్మని తీసుకొచ్చి చూపించాడు. తుంగే కదా అంది ఎరకమ్మ. అవును తుంగే, నాను బతికించిన తుంగ అన్నాడు అతను. తనిఖీలొచ్చిన రోజున దాని మీద వెదురు బుట్ట బోర్లించేవాడు.

కార్తీకంలో తుది తనిఖీ బృందం దిగింది. ఉత్తమ శ్రేణి ఇచ్చేది వాళ్ళే. ముక్తేశ్వర్రావు గారు సింహాచలం ఫైలు కూడా సిద్ధం చేసి చంకలో పెట్టుకున్నారు. పాపం ఆయన నెలరోజులు తిరిగి ఆ ఉత్తర్వు టైపు చేయించారు, తేదీ వేసి సంతకం పెడితే చాలు. బృందం నాయకుడు వరస వరసనా అట్ట పెట్టుకుంటూ పోయాడు. 212, 212, 212. చీపుర్ల దగ్గర ఆగి మెచ్చుకున్నాడు. తిరిగి పోబోతూ ట్యాంకు వెనక బోర్లించిన బుట్ట చూశాడు, చూసి కాలితో తీశాడు.

అట్ట పెట్టాడు. మూడు గడులు తప్పింది.

"ఇది చచ్చిపోయింది," అన్నాడు.

కమిషనర్ గారి మొహం పాలిపోయింది. నాయకుడు నిబంధనలు తెలిసినవాడు, మంచివాడు కూడా. భయపడనక్కర్లేదన్నాడు. నూటికి ఒకటి వరకూ మరణాలు అనుమతిస్తారు, నాలుగు వేలలో ఒకటి పోవడం ఏ పట్టణానికీ లేని రికార్డు అన్నాడు. కాకపోతే చచ్చినదాన్ని వెంటనే తొలగించి, తోటమాలి చేత మరణ ధ్రువీకరణ మీద సంతకం పెట్టించాలి. అది అయితే ఇక్కడికిక్కడే ఉత్తమ శ్రేణి రాసేస్తానని గొడుగు నీడలో కుర్చీ వేయించుకున్నాడు.

ముక్తేశ్వర్రావు గారు సింహాచలాన్ని ట్యాంకు అవతలికి తీసుకెళ్ళారు.

"బావూ, అదొక్కటే బతికుందండి," అన్నాడు సింహాచలం. "వెన్ను తొడిగిందండి. సూడండి."

"చూశాను," అన్నారు ఆయన. "నాకు మాత్రం కళ్ళు లేవా? కాని అది బతికుందని నేను రాస్తే, మిగతా మూడు వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిదీ ఏమైనట్టు?"

సింహాచలం తల వంచుకున్నాడు. ఇంటికి పట్టుకుపోతానండీ, మా పెరట్లో పెట్టుకుంటాను అన్నాడు. చచ్చిన మొక్క ప్రభుత్వ ఆస్తి, చెత్త ట్రాక్టరులో వేయించి రసీదు తీసుకోవాలి అన్నారు ఆయన. ఆ మాట చెబుతూ ఆయనా అటు తిరిగిపోయారు. చంకలోని ఫైలు తీసి, రెండో కాగితం ఒకసారి చూపించారు. సింహాచలం పేరు, తండ్రి పేరు, ఇరవై మూడేళ్ళ సర్వీసు, అన్నీ తప్పుల్లేకుండా ఉన్నాయి.

గేటు బయట ఎరకమ్మ నిలబడి ఉంది. ఆ రోజు ఉత్తర్వు వస్తుందని తెలిసి తలంటుకుని, ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని వచ్చింది. బోర్డు ఉంది, పైగా తనిఖీ జరుగుతోంది గనక లోపలికి రాలేదు. సింహాచలం ఆమె వైపు చూశాడు. తరవాత బొరిగె తీసుకుని మొక్క దగ్గర కూర్చున్నాడు.

ఒక్క లాగుకి రాలేదు. రెండు చేతులా పట్టి లాగినా రాలేదు. నాయకుడు గడియారం చూసుకున్నాడు. సింహాచలం చుట్టూ తవ్వుకుంటూ పోయాడు, జానెడు లోతుకి వెళ్ళినా వేరు తెగలేదు. చివరికి బొరిగెతో కోశాడు. తెల్లటి వేళ్ళు తడి మట్టిని గుప్పిట పట్టుకుని అలాగే పైకి వచ్చాయి. మట్టి దులపకుండా రెండు చేతుల్లో మోసుకెళ్ళి ట్రాక్టరులో పెట్టాడు. విసరలేదు, పెట్టాడు. ట్రాక్టరువాడు రసీదు ఇచ్చాడు.

చేతులు తుడుచుకుని వచ్చేసరికి బల్ల మీద కాగితాలు పరిచి ఉన్నాయి. కమిషనర్ గారు ముందు ఉత్తర్వు మీద సంతకం చేసి చేతికిచ్చి, ఇవాళ్టి నుంచి నువ్వు పర్మినెంటు అన్నారు. నలుగురూ చప్పట్లు కొట్టారు. తరవాత ముక్తేశ్వర్రావు గారు రిజిస్టరు తెరిచి వేలితో చోటు చూపించారు. సింహాచలం అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాడు. మొత్తం మొక్కలు నాలుగు వేలు. జీవించి ఉన్నవి మూడు వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది. మరణించినది ఒకటి. మరణ కారణము, రంగు మారుట.

దాని కింద పర్మినెంటు తోటమాలి హోదాలో అతను తన మొదటి సంతకం చేశాడు.